తెల్ల నక్షత్రం జీపు: పుట్టింది అమెరికాలో, మరి బతికింది ఎక్కడ?

విస్సన్నపేట నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశాను. ఈసారి టాపిక్ మీలో చాలామంది అడిగిందే. మిలిటరీ జీపు.

రీల్స్‌లో చూసే ఉంటారు. ముదురాకుపచ్చ రంగు బండి, బానెట్ మీద పెద్ద తెల్ల నక్షత్రం, వెనకాల పెట్రోల్ డబ్బా, పక్కన బిగించిన పార, గొడ్డలి. ప్రీ వెడ్డింగ్ షూట్ అయినా, వింటేజ్ ర్యాలీ అయినా జనం సెల్ఫీ దిగేది దాని దగ్గరే. కింద కామెంట్లలో ఎవరో ఒకరు "రెండో ప్రపంచ యుద్ధం నాటి బండి బ్రో" అని పెడతారు. కావచ్చు, కాదనను. కానీ ఆ బండి ఆ యుద్ధంలో ఉన్నది మహా అయితే మూడేళ్లో నాలుగేళ్లో. ఆ తర్వాత డెబ్బై ఏళ్లకు పైగా మన దేశంలోనే తిరిగింది. రీస్టోర్ చేసేటప్పుడు ఆ మూడేళ్లకి రంగేస్తున్నాం, ఈ డెబ్బై ఏళ్లని గీకి పారేస్తున్నాం. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ గీకి పారేసిన కథ గురించి.

ముందు పుట్టుక చూద్దాం. ఇది నిజంగా థ్రిల్లర్ లాగా ఉంటుంది.

1940 వేసవి. ఫ్రాన్స్ జర్మనీ చేతిలో ఓడిపోయింది. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు కానీ, దిగక తప్పదని వాళ్ల సైన్యానికి అర్థమైపోయింది. గుర్రాలు, మోటార్ సైకిళ్లు చేసే పని చేసిపెట్టే చిన్న బండి ఒకటి కావాలి. 135 కంపెనీలకి కబురు పంపారు. పావు టన్ను బరువు మోయాలి, నాలుగు చక్రాలూ తిరగాలి, బండి సొంత బరువు 590 కిలోలు దాటకూడదు. మొదటి నమూనా 49 రోజుల్లో వచ్చి నిలబడాలి. ఆ డెడ్‌లైన్ చూసి దాదాపు అందరూ దండం పెట్టేశారు. ముందుకొచ్చినవి రెండే, అమెరికన్ బాంటమ్, విల్లీస్ ఓవర్‌ల్యాండ్. 49 రోజుల్లో ఇస్తానన్నది బాంటమ్ ఒక్కటే.

పెన్సిల్వేనియాలో బట్లర్ అనే ఊళ్లో ఉండే ఈ బాంటమ్ అప్పటికే దివాలా అంచున ఉంది. సొంత డిజైనర్ కూడా లేడు. డెట్రాయిట్ నుంచి కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీర్‌ని పిలిచారు. ముందుగా జీతం ఇచ్చే స్తోమత కూడా లేదు, కాంట్రాక్ట్ వస్తేనే డబ్బులు. ఆయన జులై 17న పనిలో కూర్చున్నాడు, రెండు రోజుల్లో బండి మొత్తం డ్రాయింగులు వేసేశాడు. సెప్టెంబరు 23న, గడువు ముగియడానికి అరగంట ముందు, ఆ నమూనా బండి మేరీల్యాండ్‌లోని హోలాబర్డ్ సైనిక కేంద్రంలోకి తన చక్రాల మీద తనే నడుచుకుంటూ వెళ్లింది.

సైన్యానికి బండి తెగ నచ్చింది. నచ్చలేదల్లా కంపెనీ సైజు. లక్షల బండ్లు ఈ చిన్న ఫ్యాక్టరీ వల్ల అవుతాయా అని డౌటొచ్చి, బాంటమ్ డ్రాయింగులని విల్లీస్‌కీ, ఫోర్డ్‌కీ చూపించేశారు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక్క ముక్కలో చెప్తాను: స్టార్టప్ వాడు నిద్ర మానుకుని రాసిన కోడ్‌ని క్లయింటే తీసుకెళ్లి రెండు పెద్ద కంపెనీల చేతిలో పెట్టాడు. చివరికి గెలిచింది విల్లీస్. వాళ్ల 2.2 లీటర్ల ఇంజన్ 60 హార్స్‌పవర్ ఇస్తుంది, మిగతా ఇద్దరివీ అంత ఇవ్వలేవు. విల్లీస్ బండి పేరు ఎం.బి. డిమాండ్ ఎక్కువైపోవడంతో అదే బండిని ఫోర్డ్ కూడా చేసింది, దాని పేరు జి.పి.డబ్ల్యూ. రెండూ కలిపి 6 లక్షల పైచిలుకు. బాంటమ్ చేసినవి అన్నీ కలిపి 2,700 దాకా ఉంటాయి. మిగతా యుద్ధకాలం అంతా ఆ కంపెనీ ట్రైలర్లు తయారుచేసుకుంటూ గడిపింది.

పేరు సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. జనరల్ పర్పస్ అనే మాటల్లోంచి జి.పి., దాన్నుంచి జీప్ అని మనకి క్విజ్ పుస్తకాల్లో నేర్పారు కదా. ఫోర్డ్ కోడ్‌లో జి అంటే గవర్నమెంట్, పి అంటే 80 అంగుళాల వీల్‌బేస్ ఉన్న బండి, డబ్ల్యూ అంటే విల్లీస్ డిజైన్. జనరల్ లేదు, పర్పసూ లేదు. పొపాయ్ కార్టూన్‌లో 1936లో వచ్చిన యూజీన్ ది జీప్ అనే చిత్రమైన జంతువు పేరే సైనికులు పెట్టారని ఇంకో వాదన ఉంది. గొడవ ఇప్పటికీ తేలలేదు.

మరి ఈ బండి మన దగ్గరికి ఎలా వచ్చింది?

1942లో జపాన్ వాళ్లు బర్మా ఆక్రమించారు. ఆ ఏడాది ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. అంటే యుద్ధం మన గుమ్మం దాకా వచ్చింది. బర్మాని తిరిగి పట్టుకోవడానికి అస్సాం, బెంగాల్ స్థావరాలయ్యాయి. అక్కడికి జీపులు ఓడల్లో వేలకొద్దీ దిగాయి. బ్రిటిష్ ఇండియన్ ఆర్మీకి కూడా అవే ఇచ్చారు. యుద్ధం అయిపోయాక అమెరికన్లు ఇంటికెళ్లిపోయారు, సామాను ఇక్కడే మిగిలింది. పశ్చిమ బెంగాల్‌లోని పానాగఢ్ పేరు పాత మిలిటరీ బండ్ల మార్కెట్‌గా ఇప్పటికీ వినిపిస్తుందంటే కారణం అదే. మిగిలిన వాటిలో బాగున్నవి సైన్యంలో ఉండిపోయాయి, బాగోలేనివి వేలంలో జనం చేతికొచ్చాయి.

ఇంకో దారి మహీంద్రా. 1945లో జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా అన్నదమ్ములు, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి మహీంద్రా అండ్ మహమ్మద్ అనే ఉక్కు వ్యాపారం పెట్టారు. ఈ గులాం మహమ్మద్ కొంతకాలం మన హైదరాబాద్ నిజాం ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూసినవాడే. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. ఇక్కడ బోర్డు మీద మహమ్మద్ పోయి మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఆ కంపెనీయే 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టింది.

ఇక్కడి నుంచి కథ మన వైపు తిరుగుతుంది.

మ్యాప్ ఒకసారి ఓపెన్ చేయండి. 1948లో మా విస్సన్నపేట మద్రాసు రాష్ట్రంలో కృష్ణా జిల్లా. తిరువూరు దాటి ఇంకాస్త పైకి వెళ్తే నిజాం రాజ్యం. ఇప్పుడు ఖమ్మం జిల్లా అంటున్న ప్రాంతమంతా అటు పక్క. మధ్యలో ఉన్నది జిల్లా సరిహద్దు కాదు, ఇంచుమించు దేశ సరిహద్దు. 1947 నవంబరు 29న నిజాంకీ భారత ప్రభుత్వానికీ మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది కానీ, రజాకార్ల దాడులు ఆగలేదు, ఊళ్లు వదిలిపెట్టి సరిహద్దు దాటి ఇటు కృష్ణా జిల్లాకి వచ్చేసిన కుటుంబాలు ఎన్నో. మీ ఇంట్లో తాతమ్మల వయసు వాళ్లు ఉంటే అడగండి, రజాకార్ అనే మాట వాళ్ల నోటి వెంట ఎలా వస్తుందో చూడండి.

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సైన్యం కదిలింది. స్కూల్ పుస్తకంలో మనకి షోలాపూర్ నుంచి వచ్చిన దళం, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి గురించే ఉంటుంది. కానీ మన బెజవాడ వైపు నుంచి కూడా ఒక దళం వెళ్లింది. దానికి నాయకుడు మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర. ఎదురుగా ఉన్నవి హైదరాబాద్ లాన్సర్స్ దళాలు, వాళ్ల దగ్గర హంబర్, స్టాగ్‌హౌండ్ సాయుధ కార్లు ఉన్నాయి. గట్టిగానే పోరాడారు. అయినా ఉదయం ఎనిమిదిన్నరకల్లా కోదాడ, మధ్యాహ్నానికి మునగాల భారత సైన్యం చేతికొచ్చాయి.

మునగాల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, నాకు ఈ ఆపరేషన్ మొత్తంలో బాగా నచ్చిన విషయం ఇదే. మునగాల పరగణా అసలు నిజాంది కాదు. చుట్టూ నిజాం రాజ్యమే, మధ్యలో ఈ ముక్క మాత్రం కృష్ణా జిల్లాది. సముద్రం మధ్యలో దీవి అన్నమాట. అంటే ఆ రోజు మధ్యాహ్నం సైన్యం శత్రువు భూమిలో ముందుకు వెళ్తూ వెళ్తూ మళ్లీ మన జిల్లాలోకే వచ్చింది. గూగుల్ మ్యాప్స్ లేని రోజుల్లో దీన్ని ఆ డ్రైవర్లకి ఎలా వివరించారో ఏమో!

ఆ తర్వాత సూర్యాపేట. నిజాం సైన్యం వెనక్కి తగ్గుతూ మూసీ మీద వంతెన పేల్చేసింది. కానీ దాన్ని కాచుకుని కాల్పులు జరిపేవాళ్లని మాత్రం పెట్టలేదు. దాంతో మన వాళ్లు త్వరగానే బాగుచేసుకుని దాటేశారు. 17వ తేదీ సాయంత్రానికి కాల్పులు ఆగిపోయాయి. ఇప్పుడు మీరు విజయవాడ నుంచి హైదరాబాద్ బస్సులో పడుకుని వెళ్లే రోడ్డు ఉంది చూడండి, ఇదంతా ఆ దారి వెంబడే జరిగింది. కోదాడలో టీ కోసం ఆగుతారు కదా, అక్కడే.

ఇలాంటి దళంలో ఫోటోలకి ఎక్కేది ట్యాంకులు. కబుర్లు మోసేది, వైర్‌లెస్ సెట్టు మోసేది, ఆఫీసర్‌ని ముందుకీ గాయపడ్డవాణ్ని వెనక్కీ తీసుకెళ్లేది జీపు. సెప్టెంబరు వానలకి నానిన నల్లరేగడిలో లారీ కూరుకుపోతే జీపు వెళ్తుంది. నాలుగు చక్రాలూ తిరిగే బండి విలువ ఏంటో మా వైపు వానాకాలంలో మామిడి తోటల్లోకి వెళ్లి చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో ఇంకో పేజీ ఉంది, అది దాటేసి వెళ్తే అబద్ధం చెప్పినట్టే అవుతుంది. కాల్పులు ఆగాక సైన్యం వెంటనే వెళ్లిపోలేదు. ముఖ్యంగా పశ్చిమ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యలూ దోపిడీల గురించి సుందర్‌లాల్ కమిటీ అప్పుడే నెహ్రూకి రిపోర్టు ఇచ్చింది, అది దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఇటు నల్లగొండ, వరంగల్ వైపు కమ్యూనిస్టుల సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా నడిచింది, దాన్ని అణచడానికి సైన్యం, పోలీసులు ఊళ్లలో తిరిగారు. సెప్టెంబరులో పూలదండలు వేయించుకున్న బండే ఆ తర్వాత కొన్ని ఊళ్లలో జనాన్ని పొలాల్లోకి పరిగెత్తించింది. ఒకే ఇంజన్ చప్పుడు, వినేవాణ్ని బట్టి అర్థం మారిపోతుంది. బానెట్ మీద తెల్ల నక్షత్రంలో ఇదంతా ఎక్కడుంది చెప్పండి?

అదే 1948లో జీపు మీద స్వతంత్ర భారతదేశపు తొలి పెద్ద కుంభకోణం ఆరోపణ కూడా మొదలైంది. సైన్యానికి బండ్లు సరిపోవడం లేదు. లండన్‌లో మన హైకమిషనర్ వి.కె. కృష్ణ మీనన్ ఒక విదేశీ సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. కొత్తవి కాదు, బాగుచేసిన పాత జీపులు, 2,000. డబ్బులో పెద్ద భాగం ముందే వెళ్లిపోయింది. దేశానికి చేరినవి 155. అవి కూడా వాడకానికి పనికిరావన్నారు. దీని మీద విచారణ కమిటీకి నాయకత్వం వహించింది మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్, తర్వాత లోక్‌సభ స్పీకర్ అయిన ఆయనే. ప్రభుత్వం కమిటీ మాట పక్కన పెట్టి 1955 సెప్టెంబరు 30న ఫైలు మూసేసింది. నాలుగు నెలలకి మీనన్ కేంద్ర మంత్రి. పైపైన రంగేసి "రీస్టోర్ చేశాం" అని అమ్మడం ఈ రోజు మొదలైంది కాదన్నమాట.

1965 గురించి ఒక్క మాట. సెప్టెంబరు 10, పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ ప్రాంతం. హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన ఆర్‌సీఎల్ ఫిరంగితో పొలాల్లో చాటు చూసుకుంటూ పాకిస్తాన్ పాటన్ ట్యాంకులని కొట్టాడు. జీపు టన్ను చిల్లర, పాటన్ నలభై అయిదు టన్నుల పైమాటే. ఒక గుండు పేల్చగానే ఆ మంట, దుమ్ము చూసి శత్రువుకి చోటు తెలిసిపోతుంది, అందుకే వెంటనే అక్కడి నుంచి జరిగిపోవాలి. జీపు ఉన్నది అందుకే. అలా జరుగుతూ కొడుతూ ఉండగానే ఆయన చనిపోయాడు, పరమవీర చక్ర వచ్చింది. మన సైన్యంలో జీపుకి ఇంతకంటే పెద్ద రోజు లేదు. మరి రీస్టోర్ చేసినవాళ్లలో ఆర్‌సీఎల్ జీపుగా తయారుచేసినవాళ్లు ఎందరు? నాకైతే కనిపించేది నక్షత్రమే.

ఇప్పుడు అసలు ట్విస్ట్. రీల్స్‌లో మీరు చూసే నక్షత్రం జీపుల్లో చాలావాటికి రెండో ప్రపంచ యుద్ధంతో ఏ సంబంధమూ ఉండకపోవచ్చు. ఎలా కనుక్కోవాలో చెప్తాను. ముందు జాలీలో నిలువు కంతలు లెక్కపెట్టండి. యుద్ధం నాటి బండికి తొమ్మిది. ఏడు ఉంటే అది తర్వాత జనం కోసం చేసిన మోడల్. జీప్ కంపెనీ ఇప్పుడు ఏడు గీతలని తన బ్రాండ్ గుర్తుగా గర్వంగా చూపిస్తుంది కానీ, ఒకే రేకుని అచ్చుకొట్టి చేసే ఆ చవక జాలీ ఐడియా ఫోర్డ్‌ది. తర్వాత బానెట్ ఎత్తు చూడండి. ముందు భాగం నుదురు పైకి ఎత్తినట్టు ఉంటే అది సి.జె.3బి. అందులో ఇంజన్ ఎత్తు ఎక్కువ, అందుకని బానెట్ లేపారు. విల్లీస్ దాన్ని తెచ్చింది 1953లో, మన మహీంద్రా దశాబ్దాల పాటు చేసింది, మన సైన్యమూ పోలీసులూ వాడారు. 1953లో పుట్టిన మోడల్‌కి 1944 నాటి నక్షత్రం! మనవడికి తాత మెడల్ తగిలించినట్టు ఉంటుంది.

నిజంగా యుద్ధం నాటిదే అయితే, విల్లీస్‌దా ఫోర్డ్‌దా అనేది కిందకి వంగితే తెలుస్తుంది. ఛాసిస్ ముందు అడ్డకమ్మీ గుండ్రటి గొట్టంలా ఉంటే విల్లీస్, తిరగేసిన డబ్బాలా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ వాళ్లు బోల్టుల తల మీద కూడా ఇంగ్లీషు ఎఫ్ అక్షరం కొట్టేవాళ్లు. మన దగ్గర దొరికేవాటిలో తరచుగా ఛాసిస్ ఒకరిది, బాడీ ఇంకొకరిది. సైన్యం వర్క్‌షాపుల్లో ఏది అందుబాటులో ఉంటే అది బిగించారు మరి, వాళ్లకి మ్యూజియం గోల లేదు.

ఇక సైన్యం నుంచి వేలంలో బయటికి వచ్చాక దాని జీవితం ఎలా ఉండేది? ఇంట్లో పెద్దవాళ్లకి బాగా తెలుసు. పైన రేకు టాపు వెల్డింగ్ చేయించేవాళ్లు. వెనక ఎదురెదురు బల్లలు. వెనక రేకు మీద లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్ అని పెయింటర్ చేతిరాత. ఏజెన్సీ ఊళ్లకి కాన్పు కేసులు తీసుకెళ్లింది, సంతకి మేకలని తీసుకెళ్లింది, ఎన్నికలొస్తే మైకు కట్టించుకుంది. ఒక మాట, ఎన్టీఆర్ గారి చైతన్యరథాన్ని కొందరు జీపు అంటుంటారు, కాదు, అది షెవర్లే వ్యాన్. పెట్రోల్ ఖర్చు భరించలేక ఈ జీపుల్లో ఎక్కువ వాటికి డీజిల్ ఇంజన్ ఎక్కించేశారు. ఇప్పుడు రీస్టోర్ చేసేవాళ్లు ముందుగా పీకేసేది కూడా అదే.

ఇక్కడే చట్టం కూడా వస్తుంది. కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఈ ముక్క జాగ్రత్తగా వినండి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకి రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబర్‌లో రాష్ట్రం అక్షరాల తర్వాత వి.ఎ. అని వస్తుంది. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి కాదు, ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలుకి, రిపేరుకి అంతే. అంటే మన పల్లెల్లో నిజంగా పనిచేసిన డీజిల్ జీపు ఈ లెక్కలో వింటేజే కాదు! ఇంకోటి, రంగు. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 1989లో 121వ రూల్ ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. ప్రైవేటు బండికి వేయకూడదు. రీల్స్‌లో ఉన్న ఆ ఆకుపచ్చ ఏ ఆకుపచ్చ అని ఆర్టీవో ఆఫీసులో ఎవరైనా గట్టిగా అడిగితే యజమాని నీళ్లు నమలాల్సిందే.

నక్షత్రం వేసేవాళ్ల వాదన కూడా చెప్పాలి. బండి 1943లో ఫోర్డ్ ఫ్యాక్టరీలో పుట్టింది, పుట్టినప్పుడు ఎలా ఉందో అలా చేస్తున్నాం, తప్పేముంది అంటారు. నిజంగా తొమ్మిది కంతల బండి అయితే తప్పు లేదు. విడిభాగాలు కూడా ప్రపంచమంతా దొరికేది ఆ లెక్క ప్రకారమే. కానీ అదే బండి మీద మన సైన్యం ఇంకో గుర్తు వేసింది. మిలిటరీ బండ్ల నంబర్ ప్లేటు చూశారా? మొదట్లో పైకి చూసే బాణం ఉంటుంది, ఆ తర్వాత ఏడాది అంకెలు, తర్వాత అక్షరం, నంబరు. కోదాడ రోడ్డు మీద వెళ్లిన బండికి చెందాల్సింది మన సైన్యం నంబరే కానీ అమెరికా నక్షత్రం కాదు. నా ఓటు దానికే.

ఈ విషయంలో జోంగా యజమానులు నయం. జోంగా అంటే జబల్‌పూర్ ఫ్యాక్టరీలో 1969 నుంచి మన సైన్యం కోసం చేసిన నిస్సాన్ పెట్రోల్ మోడల్ బండి. ఇక్కడ పెట్రోల్ అంటే ఇంధనం కాదు, గస్తీ. దగ్గర దగ్గర నాలుగు లీటర్ల ఇంజన్, ఆరు సిలిండర్లు, తాగడంలో ఏనుగు. 2019లో ధోని రాంచీలో నడిపి వైరల్ అయింది చూడండి, అదే. దానికి ఎవడూ అమెరికా నక్షత్రం వేయడు, ఎందుకంటే దాని కథ మొత్తం ఇక్కడిదే అని అందరికీ తెలుసు.

మీలో ఎవరింట్లో అయినా పెంకుల షెడ్డు కింద, టార్పాలిన్ కింద ఇలాంటి జీపు పడి ఉంటే ఒక్క పని చేయండి. టింకరింగ్ షాపుకి తోలకముందే, పెయింటర్ మొత్తం గీకేయకముందే, ఒక వాటర్ పేపర్ ముక్క తీసుకుని బానెట్ పక్కన, వెనక రేకు మీద, ముందు బంపర్ మీద అరచేతి మందం చోట నీళ్లు పోస్తూ నెమ్మదిగా గుండ్రంగా రుద్దండి. గట్టిగా వద్దు. చెట్టు మొద్దులో వలయాల్లాగా రంగులు ఒక్కొక్కటే బయటపడతాయి. పైన మీ నాన్నగారు వేయించిన నీలం, దాని కింద తెలుపు, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద ఇంకో ఆకుపచ్చ. ఎక్కడైనా స్టెన్సిల్ అంకె, బాణం మొన కనిపిస్తే అక్కడితో ఆపేసి పగటి వెలుతురులో ఫోటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. ఆ ఫోటో నాకు పంపండి. ఊరి పేరు, మీకు తెలిస్తే ఏ డిపో వేలంలో కొన్నారో రాయండి. వచ్చినవన్నీ కలిపి ఇంకో ఎపిసోడ్ చేద్దాం.